అత్తమ్మ తిట్లున్న కంప్యూటర్

మహబూబాబాద్ బస్టాండు వెనక సందులో కంప్యూటర్లు బాగుచేసేవాడొకడు ఉన్నాడు. బాగుచేయడం అని మర్యాదకు అంటున్నాను. వాడికి వచ్చిన విద్య ఒక్కటే. ఏ రోగంతో వచ్చిన కంప్యూటరైనా సరే, అంతా తుడిచేసి దొంగ కాపీ ఎక్కించడం. తెర మీద ఏమడుగుతున్నా చదవడు. నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ చాయ్ తాగుతాడు. ఇంటర్ తప్పిన మొహానికి గోడ మీద ‘స్పెషలిస్ట్’ అని బోర్డొకటి! నేనేమో ఎంసీఏ చదివి, నెల్లికుదురుకు కోడలిగా వచ్చి, ప్రైవేటు బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. వాడి ముందు నిలబడడమే నాకు నామోషీ.

మా ఇంటి కంప్యూటర్ మొరాయిస్తే ఒకసారి తప్పనిసరై తీసుకెళ్లాను. లోపలి దుమ్ము ఊది, “పాతదైంది అక్కా, మల్ల కొత్తగ ఎక్కియ్యాలె” అన్నాడు.

“నీ దొంగ సరుకు నాకొద్దు. ఫ్రీగ దొరికే లినక్స్ నేనే ఎక్కించుకుంట.”

“మంచిది అక్కా. ముందుగాల ఫైళ్లన్ని పెన్‌డ్రైవ్‌లకు తీస్కోరి.”

“తాతకు దగ్గులు నేర్పుతున్నవా?” అన్నాను. వాడు నవ్వాడు. ఆ నవ్వుకు కూడా నాకు ఒళ్లు మండింది.

చనిపోయిన మా అత్తమ్మ వీడియో ఒకటి ఆ కంప్యూటర్లో ఉంది. వాకిట్లో ఎండబోసిన మిరపకాయలను మామయ్య చెప్పులతో తొక్కి, కుక్క తొక్కిందని బుకాయిస్తాడు. అత్తమ్మ ఆయన్ని కడిగి పారేస్తుంది. రెండు నిమిషాలు, అంతే. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. ప్రతి శుక్రవారం స్నానం చేసి, తలకు రుమాలు చుట్టుకుని, కుర్చీ లాక్కుని, “బిడ్డా, మీ అత్తమ్మను జర పెట్టు” అనేవాడు మామయ్య. తిట్లు తింటూ ముసిముసిగా నవ్వేవాడు.

ఒక ఆదివారం పొద్దున లినక్స్ ఎక్కించడానికి కూర్చున్నాను. వీడియో డి డ్రైవ్‌లో, అంటే డిస్కులోనే వేరే భాగంలో ఉంది, దానికేం కాదని ధీమా. డిస్కు మొత్తం తుడిచేయాలా, పక్కన జాగా చేసి ఎక్కించాలా అని తెర స్పష్టంగానే అడిగింది. తుడిచేయమనే దాని మీద టిక్కు ముందే ఉంది. నేను చదవలేదు. పిల్లలకు రోజూ చెప్పేదాన్ని, నేను చదివేదేముంది? నెక్స్ట్ కొట్టాను. మళ్లీ నెక్స్ట్. కాసేపటికి అద్దంలాంటి కొత్త తెర వచ్చింది. డి డ్రైవ్ లేదు, వీడియో లేదు.

శుక్రవారం మామయ్య కుర్చీ లాక్కున్నాడు.

“షాపోడు అంత తుడిచేసిండు మామా” అన్నాను. నోరు తడబడనైనా లేదు.

మామయ్య రుమాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మర్నాడు ఎవరికీ చెప్పకుండా మహబూబాబాద్ బస్సెక్కాడు. వాడు నా బండారం బయటపెడతాడని, ఆయన తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగలేదు.

“ఏమన్నడు మామా?”

“ఏమంటడు బిడ్డా. మొత్తం ఇన్నడు. తప్పైంది బాపూ అని చేతులు వట్టుకున్నడు. చాయ్ తాపిండు. మంచోడే పాపం.”

ఛీ, నా చదువు తగలెయ్య! తుడిచిందెవరో వాడికి తెలుసు.

మామయ్య నల్లటి తెర ముందు కూర్చున్నాడు. “గా తిట్లు నీకు యాదికున్నయా బిడ్డా? జర ఒక్కపారి అను.”

పొల్లుపోకుండా యాదికున్నాయి. తలుపు పట్టుకుని అన్నాను.

“కండ్లు నెత్తికెక్కినయా? తొక్కింది నువ్వు, కుక్క మీద పెడ్తవా? జర సిగ్గు తెచ్చుకో!”

మామయ్య ముసిముసిగా నవ్వి, “మల్లొక్కపారి” అన్నాడు. నేను అనలేకపోయాను.