రెండు మిషన్లలో ఒకటి

గుండ్రటి ఆకురాయిని మిషను గొలుసు పంటి మీద ఆనించి ఏసుదానం ముందుకు తోశాడు. వెనక్కి తీసేటప్పుడు పైకెత్తి తీశాడు. రానూపోనూ రాస్తే ఆకురాయీ అరిగిపోతుంది, పన్నూ మొద్దుబారుతుంది. ఒక వరస పళ్ళు అయ్యాక మిషను అటు తిప్పి రెండో వరస మొదలుపెట్టాడు. ఎక్కడ మొదలైందో తెలియడానికి ఒక పంటికి సుద్ద రాసుకున్నాడు. ఒళ్ళో ఉన్నది చిన్న కోత మిషను. పెద్దది పక్కనే గోనెసంచి మీద ఉంది. దాని బ్లేడు మూరకి మించే ఉంటుంది.

అతను కూచున్నది ఇంటి అరుగు మీద. పైన రేకులు లేవు, నీలం బరకం ఉంది. మే నెలలో వచ్చిన గాలివాన రేకుల్ని లేపి పక్క చేలో విసిరేసింది. పగలనివి ఏరి వంటింటి మీద వేసుకున్నారు. మిగతా ఇల్లంతా బరకం కిందే. గాలి వీచినప్పుడల్లా అది పొంగి, దిగి, చప్పుడు చేస్తోంది. వానలు దగ్గరపడ్డాయి. రేకులు కొనాలంటే మిషన్లలో ఒకటి అమ్మక తప్పదని మొగుడూ పెళ్ళాం ఆదివారం చర్చి నుంచి నడిచొస్తూ అనుకున్నారు. ఏది అన్న దగ్గర ఆగిపోయారు.

పెద్దది అమ్మితే ఇల్లంతా కప్పుకోవచ్చు. చిన్నది అమ్మితే సగం ఇల్లే. కానీ పెద్దది లేకపోతే పెద్ద చెట్లకి ఎవరు పిలుస్తారు? అతనికి నిద్ర పట్టనివ్వనిది ఇదే.

గజపతినగరం చుట్టుపక్కల అతన్ని అందరూ పెద్ద మిషను ఏసుదానం అంటారు. తండ్రి పాల్ ఇద్దరు పట్టి లాగే రంపంతో చెట్లు కోసినవాడు. ఏసుదానం ఆ రంపానికి రెండో కొసన పెరిగాడు. తిత్లీ తుఫాను తరవాత శ్రీకాకుళం వైపు కొబ్బరితోటలు పడిపోతే, రోడ్ల మీద చెట్లు తియ్యడానికి వెళ్ళాడు. అక్కడ పర్లాకిమిడి నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టరు దగ్గర ఈ పెద్ద మిషను పాతది కొన్నాడు. అప్పటిదాకా పూట పట్టే మొద్దు అన్నం వార్చేలోగా తెగిపోయింది. పేరు దానంతట అదే వచ్చింది. ఆ పేరు మీదే పని వచ్చింది.

చిన్నది భార్య జ్ఞానసుందరి కొనిపెట్టింది, డ్వాక్రా గ్రూపులో తీసుకున్న డబ్బుతో. అందుకే దాన్ని నా మిషను అంటుంది. చెట్టెక్కి కొమ్మలు దించడానికి అదే. కొమ్మకి కట్టిన తాడు కింద పట్టుకునేది కూడా జ్ఞానసుందరే. తాడుని పక్క చెట్టుకి ఒక చుట్టు చుట్టి, కొమ్మ తెగగానే మెల్లగా వదులుతుంది. మగవాళ్ళు పట్టుకుంటే కొమ్మ దబ్బున పడుతుంది, ఆమె పట్టుకుంటే కూచుంటుంది. ఇది ఏసుదానం పైకి ఎప్పుడూ అనలేదు గానీ, తాడు ఇంకొకరి చేతికి ఇవ్వడు.

"పళ్ళు అరగదీసేస్తావేటి?" అంటూ ఆమె వచ్చింది. తాళ్ళ సంచిలో ఏదో సర్దుకుంటోంది. "అసిరమ్మగారు పొద్దున్నే రమ్మన్నాది. ఎండెక్కితే నువ్వు కొమ్మ మీద కునుకు తీస్తావు."

"రెండూ పట్టుకెళ్దాం" అన్నాడు ఏసుదానం. "కర్రల అడితి హరిబాబు మిషను కోసం సాయంత్రం అక్కడికే వస్తానన్నాడు."

"ఏది ఇస్తానని సెప్పావు?"

"సెప్పలేదు. ఏదైనా తీసుకుంటానన్నాడు."

"అలగైతే మొగోడివి, నువ్వే తేల్చుకో" అని సంచి భుజానికి తగిలించుకుంది.

అసిరమ్మది పక్క ఊరు. తాతల నాటి నుంచి వరి, నువ్వులు పండించే ఇల్లు. ఆమె పెరట్లో పనసచెట్టు గాలివానకి వేరు కదిలి ఇంటి వైపు ఒరిగింది. ఒక పక్క వంటిల్లు, ఒక పక్క పశువుల పాక. పడితే ఏదో ఒకటి పోతుంది. చెట్టు తియ్యాలి, కానీ మొద్దు చీలకూడదు. దాంతో కొత్త గదికి గుమ్మం చేయించుకోవాలని ఆమె ఆశ.

"నా పెళ్ళినాటికే కాపు కాసేదిరా ఇది" అంది చెట్టుని చూపిస్తూ. "పనసకర్ర గుమ్మం నా ఇంటికి ఉండాల. చీల్చీసి పొయ్యిలోకి పెట్టమన్నావంటే కూలి ఇవ్వను."

"చీలితే నానే అడగనమ్మా" అన్నాడు ఏసుదానం.

చెట్టు చుట్టూ తిరిగాడు. వేరు దగ్గర తడిమాడు, పైకి చూశాడు. పాకకీ వంటింటికీ మధ్య దొడ్డి వైపు ఖాళీ ఉంది. మొద్దు అటే పడాలి. చిన్న మిషను నడుముకి వేలాడదీసుకుని నిచ్చెనెక్కాడు. మోకాలు నొప్పి పెట్టింది. అది నొప్పి పెడుతుందని కింద ఉన్న మనిషికి తెలుసు. అందుకే తాడు కొంచెం బిగించి పట్టుకుంది.

కొమ్మలు ఒక్కొక్కటీ దిగాయి. పనసపాలు మిషను మీదా చేతుల మీదా బంకలా అంటుకుంటుంటే మధ్యమధ్య కిరోసిను గుడ్డతో తుడుచుకున్నాడు. పచ్చి కాయలు మాత్రం అసిరమ్మ తను చెప్పేదాకా కొయ్యనివ్వలేదు. ఒక్కోటీ గోనెసంచిలో దించించుకుని, "ఇది కూరకి, ఇది మా ఆడపడుచుకి" అని పంచుకుంది. చివరికి నిలువునా మొద్దు ఒక్కటే మిగిలింది. దాని మొదట్లో ఏసుదానం రెండు చేతులూ చాపి కౌగిలించుకుంటే వేళ్ళు అందలేదు.

దిగి నీళ్ళు తాగాడు. పెద్ద మిషను అసిరమ్మ ఇంటి అరుగు మీద ఉంది. దాని దగ్గరికి వెళ్ళి స్టార్టు చేసే తాడు మీద చెయ్యి వేశాడు. ఆ బ్లేడు ఈ మొద్దుకి ఇటు నుంచి అటు అందుతుంది. ఒక్క కోత.

"అది తియ్యకు" అంది జ్ఞానసుందరి.

"ఏం?"

"అది అమ్మేస్తే రేపు ఇలాటి చెట్టుకి ఏటి సేస్తావు? ఆ సేసేదేదో ఇయ్యాలే సెయ్యి. అవ్వకపోతే హరిబాబుకి నా మిషను ఇచ్చీ, సగం ఇంటికే రేకులు ఏసుకుందాం. నాను ఏడవను."

ఏసుదానం తాడు మీది చెయ్యి తీసేశాడు. ఈ మాట తనకే తట్టాల్సింది. చిన్న మిషను బ్లేడు మొద్దులో సగం దాటి కొంచెం లోపలికి వెళుతుంది, అంతే. రెండు వైపుల నుంచి కొయ్యాలి. రెండు కోతలూ ఒకే మట్టంలో కలవాలి. కలవకపోతే మధ్యలో పట్టుకుని మొద్దు చీలుతుంది. చీలితే అసిరమ్మ గుమ్మం పోతుంది, తన కూలి పోతుంది. దాంతో ఏది అమ్మాలో కూడా తేలిపోతుంది.

సుద్దతో మొద్దు చుట్టూ గీత గీశాడు. దొడ్డి వైపు నోరు తెరిచినట్టు గాటు పెట్టి ముక్క తీసేశాడు. పైన కట్టిన తాడుని జ్ఞానసుందరి దొడ్డి అవతల వేపచెట్టుకి బిగించింది. అప్పుడతను వెనక వైపుకి వచ్చి, గీత మీద బ్లేడు పెట్టి, ఎడమ వైపు సగం కోశాడు. పొట్టు పచ్చగా, తడిగా రాలుతోంది. ఇక తీసి అవతలికి వెళ్ళాలి.

మిషను రాలేదు.

మొద్దు కోత మీదికి కూచుంది. ఇంటి వైపు ఒరిగిన చెట్టు కదా, బరువంతా వెనక్కే ఉంది. పెద్ద మిషనుతో అయితే బరువు దిగేలోపే కోత అయిపోయేది. ఇన్నేళ్ళుగా అతని చేతులు ఆ తొందరకే అలవాటు పడ్డాయి. సగం కోసి, ఆగి, చుట్టూ నడిచి రావాల్సిన పనిలో ఆ ఆగే చోట ఏం చెయ్యాలో మరిచిపోయాయి. మిషను ఆపేశాడు. బ్లేడు అంగుళం కూడా కదలలేదు.

అసిరమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది. "ఏటయ్యింది?"

"పట్టేసిందమ్మా. ఎవరూ ఇటు రావద్దు. పశువుల్ని కూడా అవతల కట్టండి."

అరుగు మీద పెద్ద మిషను ఉంది. తాడు ఒక్కసారి లాగితే అంటుకుంటుంది. ఏసుదానం అటు చూడకుండా ఉండలేకపోయాడు.

జ్ఞానసుందరి తాళ్ళ సంచిలో చెయ్యి పెట్టి రెండు తుమ్మకర్ర మేకులు తీసింది. ఒక కొస పలచగా, ఒక కొస మందంగా చెక్కినవి, చెమటకి నల్లబడినవి. అవి పాల్‌వి. రంపం రోజుల్లో కోత మూసుకోకుండా వెనకాల కొట్టేవాళ్ళు. పెద్ద మిషను వచ్చాక వాటితో పని లేక, ఇంట్లో ఎగుడుదిగుడు నేల మీద మంచంకోళ్ళ కింద పెట్టుకున్నారు.

"మంచం కింద నుంచి తీసీసావేటి?" అన్నాడతను.

"పొద్దున్నే తీసీసాను. నీకు ఈ పని ఎప్పుడు గురుతొస్తాదో సూద్దామని సంచిలో ఏసాను. రాలేదు. కొట్టు, మావ కొట్టినట్టు కొట్టు. రాత్రికి మంచం ఊగితే ఊగుతాది."

ఏసుదానానికి నవ్వొచ్చింది గానీ నవ్వడానికి అది చోటు కాదు. మొదటి మేకు కోతలో పెట్టి సుత్తితో చిన్నగా కొట్టాడు. పక్కన రెండోది. దీన్ని ఒక దెబ్బ, దాన్ని ఒక దెబ్బ. తండ్రి ఎప్పుడూ చెవి మొద్దుకి ఆనించి కొట్టేవాడు, లోపల నార తెగే చప్పుడు వినడానికి. ఇతనూ చెవి ఆనించాడు. కోత వెంట్రుక మందం తెరుచుకుంది. ఇంకో దెబ్బకి ఇంకొంచెం. బ్లేడు పట్టుకుని కదిపితే కదిలింది. మిషను బయటికి వచ్చింది.

అప్పుడు అవతలికి నడిచాడు. కుడి వైపు అదే గీత మీద, అదే మట్టంలో పెట్టాడు. ఈసారి తొందరపడలేదు. కొంచెం కోసి ఆగి, మేకులు ఒక దెబ్బ బిగించి, మళ్ళీ కోశాడు. జ్ఞానసుందరి తాడు దగ్గరికి వెళ్ళిపోయింది. గాటు నోటి వైపు రెండు వేళ్ళ మందం కర్ర మాత్రం ఉంచి మిషను ఆపి, దూరంగా పెట్టి, సుత్తి తీసుకున్నాడు.

"లాగు" అన్నాడు.

మేకు మీద దెబ్బ పడింది, తాడు బిగిసింది. మొద్దు ఒకసారి మూలిగి, ఏమీ తొందర లేనట్టు దొడ్డి వైపు ఒరిగి, పాకకీ వంటింటికీ మధ్య పడింది. నేల అదిరింది. పాకలో దూడ ఒకటి అరిచి ఊరుకుంది.

ముందు మొద్దు కొసలు చూశాడు. చీలిక లేదు. కోసిన ముఖం మీద అరచెయ్యి పెట్టి ఇటు నుంచి అటు రాశాడు. రెండు కోతలూ కలిసిన చోట గోరు మందం మెట్టు తగిలింది. పెద్ద మిషనుతో అయితే అదీ ఉండేది కాదు. ఆ మెట్టుని బొటనవేలితో ఇంకోసారి తడిమి, చిన్నగా నిట్టూర్చాడు.

అసిరమ్మ దగ్గరికి వచ్చి వంగి చూసింది. "గుమ్మానికి వస్తాదా?"

"గుమ్మానికీ వస్తాది, గడపకీ వస్తాది. నెల్లాళ్ళు నీడలో ఆరనీయండి. ఎండలో పడేస్తే అదే సీల్తాది, నామీదికి రావద్దు."

హరిబాబు సాయంత్రం అనుకున్నదానికంటే ముందే ట్రక్కు ఆటోలో వచ్చాడు. గజపతినగరంలో కర్రల అడితి అతనిది. అరుగు మీద పెద్ద మిషను, మొద్దు పక్కన పనసపాలు అంటిన చిన్న మిషను రెండూ చూశాడు.

"తేల్చుకున్నావా?"

"పెద్దది పట్టుకెళ్ళండి బాబూ" అన్నాడు ఏసుదానం.

హరిబాబు నమ్మనట్టు చూశాడు. "పెద్దది ఇచ్చీసి చిన్నదాంతో ఏటి సేస్తావు? మునగకాయలు కోస్తావా?"

జ్ఞానసుందరి తాడు చుట్టుకుంటూ, తల ఎత్తకుండా అంది. "అదిగో, మునగకాయి. దొడ్డిలో పడున్నాది, లెక్క సూసుకోండి."

హరిబాబు వెళ్ళి మొద్దు చూశాడు. కోత ముఖం చూశాడు. మెట్టు అతనికీ తగిలింది. రెండు మేకులూ చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఇవి కూడా అమ్ముతావా?" అన్నాడు.

"అవి మంచానివి" అంది జ్ఞానసుందరి.

"నా ఫోన్లో పెద్ద మిషను ఏసుదానం అని ఉన్నాది. ఇప్పుడేటని మార్సుకోను?"

"ఏసుదానం అని ఉంచండి" అన్నాడు అతను. "అది బాప్తిస్మం నాటి పేరు, ఎవరికీ అమ్మను."

డబ్బు జ్ఞానసుందరి తీసుకుంది. హరిబాబు మిషను కోసం చెయ్యి చాపాడు. ఏసుదానం ఇవ్వలేదు.

"ఉండండి. పొద్దున దీని పళ్ళు రాయలేదు. ఏది ఇస్తానో తెలీక."

అరుగు మీద కూచుని పెద్ద మిషను ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక పంటికి సుద్ద రాశాడు. ఆకురాయి ముందుకు వెళ్ళి, పైకి లేచి, వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు వెళ్ళింది. హరిబాబు తొందరపడబోయి, ఆ చేతులు చూసి, అసిరమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ కూచున్నాడు. ఒక వరస అయ్యాక అటు తిప్పి రెండో వరస. సుద్ద పన్ను మళ్ళీ వచ్చేదాకా చెయ్యి ఆపలేదు. గాలి పోయే జాలీ విప్పి పొట్టు దులిపాడు. చెయిను ఆయిలు పోశాడు. తాడు లాగితే రెండో లాగుకి అంటుకుంది. తెగిన కొమ్మ ఒకటి తీసుకుని, ఒక బిళ్ళ కోసి, దాని ముఖం వేలితో చూసుకుని, ఆపేశాడు.

"చల్లగా ఉన్నప్పుడు గట్టిగా లాగమనకండి, తాడు తెగుతాది" అన్నాడు. "పెట్రోల్లో ఆయిలు తక్కువ పొయ్యనివ్వకండి."

సైకిలు ట్యూబుతో తనే కుట్టుకున్న తొడుగు బ్లేడుకి ఎక్కించి, పిడి హరిబాబు వైపు తిప్పి, రెండు చేతులతో అందించాడు.