మా మామయ్యగారి సైన్యం

దొరల ఏలుబడిలోనే మద్రాసులో మనవాళ్ల మంత్రివర్గం వచ్చిన ఏడాది, ఏలూరులో వకీలుగా ఉన్న మా మామయ్యగారు దేశసైన్యాన్ని సంస్కరించేశారు. అరుగు మీద వక్కపలుకులను పటాలాలుగా పేర్చి, “ఇకమీదట కులం ఉండదండీ, యోగ్యతే” అనేవారు. నిజానికి ఆయన చేతిలో ఉన్నది ముప్పైమంది కుర్రాళ్ల వాలంటీరు దళం.

ఒకరోజు కొల్లేటి జాలరి ఒకాయన, ఇరవై ఏళ్లనాటి పెద్ద యుద్ధంలో హవల్దారుగా చేసినవారు, కవాతు నేర్పే పని ఇప్పించమని వచ్చారు.

“నువ్వు చెబితే మావాళ్లు వరుసలో నిలబడతారటోయ్?” అన్నారు మామయ్యగారు.

“నిలబడితే చాలండి, తక్కినది నేను నేర్పుతానండి.”

“ముందు మంచినీళ్లు అందిస్తూ ఉండు.”

“నా చేతి నీళ్లు తాగుతారాండి?”

మామయ్యగారు పటాలంలోంచి ఒక వక్కపలుకు తీసి నోట్లో వేసుకున్నారు. తలుపు వెనక నిలబడి వింటున్న కోడలిని, నేను సిగ్గుతో చచ్చిపోయాను.

“అదీ నిజమే. పోనీ, వాళ్ల చెప్పులకు కాపలా ఉండు.”

హవల్దారుగారు దండమైనా పెట్టకుండా వెళ్లిపోయారు.

“వీడికి పటాలంలో క్రమశిక్షణ నేర్పినట్టు లేదు,” అన్నారు మామయ్యగారు.