తోకలో కొబ్బరికాయ

ఆ రోజుల్లో మా గురజాల వైపు నేవీ అంటే ఓడ, ఓడంటే నేవీ, అంతే. అందుకే సెలవుకొచ్చిన నేను విమానం పక్కన నిలబడి దిగిన ఫోటో చూపించేసరికి, ఖాయమనుకున్న సంబంధం కాస్తా ఊగిసలాడింది. పిల్ల తండ్రి మా చర్చి సంఘపెద్దే, నాకు వరసకి మామ. (మిరప చేలో వేసిన బోరులో చుక్క నీళ్ళు పడక అప్పటికే చిరాకులో ఉన్నాడు.) "నేవీలో ఉజ్జోగమంటాడు, ఇమానం చూపిత్తాడు. ఇట్టాంటి అబద్ధాలోడికి పిల్లనెట్టా ఇచ్చేది?" అన్నాడంట. మా అమ్మ ఉపవాసముండి ప్రార్థనలో కూర్చుంది.

ఆదివారం పాస్టరు అయ్యగారు నన్ను చర్చిలో అందరి ముందు నిలబడి, దేవుడు చేసిన మేళ్ళ గురించి సాక్ష్యం చెప్పమన్నారు. ఇదే అదనని, ప్రభువుకు స్తోత్రం చెప్పి మా స్క్వాడ్రన్ చరిత్ర ఎత్తుకున్నాను. వాయుసేన వాళ్ళు వాడి ఇచ్చిన పాత విమానాలతో అది ఎట్లా మొదలైందో, ఆ తరం పోయి రెక్కకు రెండేసి ఇంజన్లున్న భారీ విమానాలు ఎట్లా వచ్చాయో, నడిసముద్రం మీద గంటల తరబడి తిరిగి శత్రువుల జలాంతర్గాముల జాడ ఎట్లా తీస్తామో, వంశావళి చదివినట్టు వరసగా చెప్పాను. "చేలో మంచె ఎక్కి కాస్తాం గదా, మాది ఎగిరే మంచె" అన్నాను. ఆడవాళ్ళ వైపు నుంచి "ఆమెన్" వినపడింది. ఛాతీ ఉబ్బింది.

"అంతా బాగానే ఉంది గానీ, నీళ్ళడుగున దాక్కున్నోడు పైనున్న నీకెట్టా తెలుస్తాడ్రా?" అన్నాడు మామ, ఆరాధన అని కూడా చూడకుండా.

మా విమానం తోక చివర పొడుగాటి కడ్డీ ఉండేది. నీళ్ళ కింద జలాంతర్గామంత ఇనుముంటే, అయస్కాంతానికి తెలిసినట్టు దానికి తెలిసిపోతుంది. ఆ అయస్కాంతం సంగతి విడమరచడం చేతగాక, "బోరేసే ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తారు చూడు మామా, నీళ్ళున్నచోట కాయ లేచి నిలబడుద్దంటారే, మా తోక కూడా అట్టాంటిదే" అనేశాను.

చర్చిలో తలలన్నీ అయ్యగారి వైపు తిరిగాయి. కొబ్బరికాయతో నీళ్ళు చూపించుకోవడం విశ్వాసులకు తగదని అయ్యగారు కిందటి ఆదివారమే గద్దించారని నాకేం తెలుసు! ఆయన కళ్ళజోడు తీశారు. "అబ్బాయ్, దేశాన్ని కాసేది కొబ్బరికాయంటావా?"

సంబంధం గంగలో కలిసిందనుకున్నాను. అప్పుడు లేచాడు మామ. "ఆమెన్! ఇన్నారా అయ్యగారూ, గవర్నమెంటోళ్ళే నమ్మారంట. నేనొక్కణ్ణే పాపినా?" (కిందటివారం గద్దింపు తగిలింది మామకేనని అప్పుడు గదా తెలిసింది!)

"నీ కాయ లేచిందిలే, నీళ్ళు పడినయ్యా?" అన్నారు అయ్యగారు. చర్చి మొత్తం ఘొల్లుమంది. నవ్వుతూనే ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, సముద్రం మీద కావలివాళ్ళ కోసం ప్రార్థించారు. ముందు మోకరించింది మామే. సాయంత్రానికి మా ఇంటికి కబురొచ్చింది.

ఆ విమానాలూ నేనూ ఎప్పుడో రిటైరయ్యాం. స్క్వాడ్రన్ వేడుకకు పిలుపొచ్చి పతకాలు పెట్టుకుంటుంటే, "కొబ్బరికాయ మర్చిపోబాకండి" అంటుంది మా ఆవిడ. అక్కడ ఇప్పుడు తళతళలాడే జెట్లు. అందరూ ముక్కు దగ్గర ఫోటోలు దిగుతుంటే, నేను మాత్రం గర్వంగా తోక వైపు నడుస్తాను. ఆ కడ్డీ వీటికీ ఉంది. దానికింద నిలబడి, చెమటలు కక్కుతూ సాక్ష్యం చెప్పిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని, దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను.