మేనత్త తాళాలగుత్తి

మొన్న ఆదివారం షామ్‌బర్గ్‌లో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని ఉండగా, కాలేజీలో చదువుతున్న మనవరాలు టీవీలో కొత్త ఇంగ్లీషు సీరియల్ పెట్టింది. విక్టోరియా రాణి కాలం నాటి నవలట. పేరు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది, దాదాపు నలభై ఏళ్ళ కిందట ఇదే ఊళ్ళో ఇదే నవలను వారం వారం సీరియల్‌గా చూసినదాన్ని గనక. ఉన్న నాలుగు భాగాలూ అయిపోయాక, ఇంటి యజమాని చెల్లెలు, నాయిక మేనత్త, ఆ వితంతువు ఏదే అని అడిగాను.

"అమ్మమ్మా, ఆవిడ స్టోరీకి అంత ఇంపార్టెంట్ కాదు కదా, సో కట్ చేశారు. చిల్!" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. గౌన్ల మీద లేసు అల్లికలు ఒక్కటీ పోకుండా చూపించడానికి తీరిక ఉన్నవాళ్ళకి, ఒక మనిషిని చూపించడానికి లేకపోయిందా?

ఆ రోజుల్లో నా మొదటి కాన్పుకని మా అత్తయ్య, మావారి అమ్మగారు, మన దేశం నుంచి వచ్చారు. ఇంగ్లీషు ముక్క రాని మనిషి. ఆదివారం సాయంత్రం ఆవిడ ఒళ్ళో పేపరు పరుచుకుని బీన్స్ ఈనెలు తీస్తుంటే, నేను పక్కన కూర్చుని ఎవరేమన్నారో తెలుగులో చెబుతూ ఉండేదాన్ని. నాయిక ప్రేమగోల ఆవిడకు పట్టేది కాదు. అన్నగారింట్లో ఏళ్ళ తరబడి చాకిరీ చేసిన ఆ మేనత్త నడుముకున్న తాళాలగుత్తిని, అన్న రెండోపెళ్ళి చేసుకోగానే కొత్త భార్య లాగేసుకున్న భాగం చూసి మాత్రం, చేతిలో బీన్స్ అలాగే పెట్టుకుని ఉండిపోయారు. చిన్నవయసులోనే భర్త పోయి, తమ్ముడింట్లో తలదాచుకుని, మరదలు కాపురానికొచ్చిన రోజున బొడ్లోని తాళాలు తీసిచ్చి వంటింట్లో ఒక మూలకు చేరిన మనిషి మా అత్తయ్య. ఈ సంగతి మావారు చెబితే తెలిసింది, ఆవిడెప్పుడూ నోరు విప్పలేదు.

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం ఒకటే ప్రశ్న. "అమ్మాయ్, ఆవిడ తాళాలు ఆవిడకిచ్చారుటే?"

చివరి భాగం రాకముందే ఆవిడ ఆరు నెలల వీసా గడువు అయిపోయింది. రికార్డు చేసి, చూసి, ఉత్తరం రాస్తానని విమానాశ్రయంలో మాటిచ్చాను. చంటిపిల్లతో సతమతమవుతూ ఆ క్యాసెట్టు తర్వాత చూద్దామని దాచుకుంటే, మావారు ఉగాది సభలో తాను వేసిన ఏకపాత్రాభినయాన్ని సరిగ్గా దానిమీదే రికార్డు చేయించుకొచ్చారు. పైన నేను అంటించిన చీటీ ఆ మహానటుడి కంటికి ఆనలేదట! మీసం దువ్వుతూ ఆయన అరుస్తున్న అరుపులు చూసినప్పుడు వచ్చిన కోపం నాకిప్పటికీ చల్లారలేదు.

మాటిచ్చాను కదా, ఏం చేయను? యజమాని పశ్చాత్తాపపడి చెల్లెల్ని పిలిచి, అందరి ముందూ తాళాలు ఆమె చేతికిచ్చాడని ఉత్తరం రాసి పడేశాను. ఆ తర్వాత లైబ్రరీలో ఆ నవల దొరికితే చదివాను. ఆ మేనత్త తాళాలకు నోచుకోకుండానే దిక్కులేనివాళ్ళ ఆశ్రమంలో పోయింది. నిజం రాద్దామని కూర్చునేసరికి అత్తయ్య జవాబు రానే వచ్చింది.

"చాలా సంతోషమే అమ్మాయ్. ఇలాంటివి వాళ్ళ దేశంలోనే జరుగుతాయి" అని రాశారు.

ఇక నిజం రాయడానికి నాకు చెయ్యాడలేదు. ఎక్కడో ఒకచోట ఒకావిడకైనా తాళాలు తిరిగి దక్కాయన్న నమ్మకంతోనే ఆవిడ కన్నుమూశారు.

ఇదంతా చెబితే మనవరాలు టీవీ ఆపేసింది. "ఓ మై గాడ్, ఇప్పుడు జేజమ్మ ఉంటే ఏం చెప్పేదానివి?" అంది.

అదే ఆలోచిస్తున్నాను. పాతరోజుల్లో కథ చూసినవాళ్ళు పక్కవాళ్ళకి చెప్పేవాళ్ళు, విన్నవాళ్ళు అందులో తమవాళ్ళెవరో వెతుక్కునేవాళ్ళు. ఇప్పుడు ఎవరి తెర వాళ్ళది. అత్తయ్య ఈ సోఫాలో కూర్చుని మళ్ళీ ఆ మాటే అడిగితే, ఇచ్చారని అబద్ధం చెబుదామన్నా, పుచ్చుకోవడానికి ఈ సీరియల్లో ఆ మనిషంటూ లేదు.