అవ్వ ఎసట్లో పోసిన దేవుని బియ్యం

నా చిన్నప్పుడు, పదేళ్ళ వయసులో, ఒక శనివారం సాయంత్రం కూటి ముందు కూర్చుని మా అవ్వకు ఒక మాట చెప్పాను. "రేపట్నుంచి నీ చేతి కూడు తినకూడదు నేను." చెప్తుంటే నా గుండె డప్పులా కొట్టుకుంది. అంత సంతోషం!

ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే దారి పక్కన మా ఊరు. మావి కూలి కుటుంబాలు, తాతల నాటి నుంచీ క్రైస్తవులం. ఆ ఏడు ఊరి చివర కొట్టం వేసుకుని ఒక కొత్త సంఘం వాళ్ళు దిగారు. తెల్లబట్టలే కట్టాలి. పూలు, గాజులు, టీ నీళ్ళు ఏవీ ఉండకూడదు. కాలువలో మునిగి బాప్తిస్మం పొందినవాళ్ళు బయటివాళ్ళు వండింది ముట్టకూడదు, ఆ బయటివాళ్ళు క్రైస్తవులైనా సరే. పెద్దలు ఈ నియమాలు విని భయపడేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు పులకరించేది. పక్కింటి అక్క చెయ్యి పట్టుకుని రోజూ ఆ కొట్టానికి పరిగెత్తేదాన్ని. ఆదివారం అక్కతో పాటు నేనూ మునగాలని నిశ్చయించుకున్నాను.

అవ్వ కోప్పడలేదు. "అట్లనా! అయితే ఈ పూట రెండు ముద్దలు ఎక్కువ తిను" అంది. తర్వాత మెల్లగా అడిగింది. "ఆడ ఏం బాగుందే నీకు?"

నేను ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాను. డప్పు బాగుంది, పాట బాగుంది. వాళ్ళు నన్ను పేరు పెట్టి పిలిచి ముందు వరసలో కూర్చోబెడతారు. మన గుడిలో పిల్లోళ్ళను వాకిలి కాడ చెప్పుల పక్కన కూర్చోబెడతారు కదా!

"మరి అక్కకేం బాగుందంట?"

"బిడ్డ సచ్చిపోయిన నాడు వాళ్ళే వచ్చినారంట అవ్వా. తొమ్మిది దినాలు ఆడనే పండుకొని, నీళ్ళు తెచ్చి, వంట చేసినారంట. ఇప్పుడు లేవమంటే లేస్తాదంట, పాడమంటే పాడతాదంట. ఏం చెయ్యాల్నో వాళ్ళే సెప్తాంటే తల బరువు తగ్గిందంట."

అవ్వ చెయ్యి కూటిలోనే ఆగిపోయింది. అక్కకు పుట్టిన పసిబిడ్డ పేరైనా పెట్టకముందే పోయింది. అవి పత్తి తీతల దినాలు. ఒక్క రోజు కూలి పోగొట్టుకోలేక ఊరంతా చేలల్లోనే ఉంది. సమాధి చేసిన పూట నిలబడి, మరునాడు తెల్లారేసరికి అందరూ పత్తికి పోయారు. అవ్వ కూడా పోయింది. మా రెండిళ్ళకూ మధ్య ఉన్నది ఒకటే గోడ.

మా ఆడవాళ్ళకు ఒక ఆచారం ఉంది. పొయ్యి వెలిగించిన ప్రతిసారీ దేవుని పేరిట ఒక పిడికెడు బియ్యం డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బాను గుడిలో అప్పజెప్తారు. ఇంట్లో గింజ లేకపోయినా ఆ డబ్బా జోలికి పోరు. ఆ ఆదివారం తెల్లవారి లేచి చూస్తే, అవ్వ ఆ డబ్బాను ఎసట్లో వంచుతోంది!

"అవ్వా! అది దేవునిది!" అని అరిచాను.

"దేవుని ఇంటికే తీసుకపోతాండా, పద."

ఉడుకుడుకు గిన్నెతో పక్కింటికి పోయాం. అక్క తెల్లచీర కట్టుకుని తయారుగా ఉంది. దూరంగా డప్పు మొదలైంది. నా కాళ్ళు నిలవడం లేదు. గిన్నె చూసి అక్క వెనక్కి జరిగింది. "నేను తినకూడదవ్వా."

"తినొద్దులే తల్లీ. నేను కూచోనీకి వచ్చినా. అప్పుడు రావల్సింది, ఇప్పుడొచ్చినా." అవ్వ నేల మీద చతికిలబడింది. కాసేపటికి అడిగింది. "బిడ్డకు ఏం పేరు పెట్టాలనుకుంటివి?"

అక్క ఆ పేరు చెప్పింది. చెప్పి, గోడకు తల ఆనించి భోరుమంది. అవ్వ కూడా ఏడ్చింది. డప్పు మా వీధిలోకి వచ్చేసింది. అక్క కళ్ళు తుడుచుకుని గిన్నె లాక్కుంది. "మునిగినాక కదా తినకూడనిది! ఇంకా మునగలేదు, పెట్టవ్వా!" ఏడుస్తూనే నవ్వింది. గబగబా తిన్నది.

తర్వాత లేచి వాకిట్లో నిలబడి, "వస్తావా పాపా?" అంది. నేను తల అడ్డంగా ఊపాను. గిన్నెలో ఇంకా నా వాటా మిగిలి ఉంది. అక్క మాత్రం వెళ్ళింది. బతికినంతకాలం ఆ సంఘంలోనే ఉంది. మళ్ళీ మా ఇంటి మెతుకు ముట్టలేదు. అయినా ప్రతి సాయంత్రం అవ్వ ఆమె అరుగు మీద కూర్చుని వచ్చేది.

ఆ పూటే మా గుడిలో పెద్దలు అక్క పేరు సభ్యుల పుస్తకంలోంచి కొట్టేయాలన్నారు. ఆడవాళ్ళు లేచి మాట్లాడని కాలమది. అవ్వ లేచింది. "ఆ తొమ్మిది దినాల్లో ఆమె గడప తొక్కినోళ్ళు ఎవురో వచ్చి కొట్టేయండయ్యా. నాకైతే చెయ్యి రాదు." పెన్ను ఎవరూ ముట్టలేదు. చెప్పుల పక్కన కూర్చున్న నాకు లేచి గంతులు వేయాలనిపించింది. ఏడ్చేవాళ్ళతో ఏడవమన్న బైబిల్ వాక్యం నాకు అప్పటికే కంఠతా వచ్చు. అది కాళ్ళతో నడిచి రావడం ఆ రోజే చూశాను.

ఇప్పుడు మా గుడిలో నేనూ ఒక పెద్దను. మొన్న మా గుడికి వచ్చే అమ్మాయి ఒకతె, ఫోన్లో పరిచయమైన ఒక కఠినమైన గుంపులో చేరిందని తెలిసింది. అందరూ వాళ్ళ బోధలో తప్పులు వెతకడానికి బైబిళ్ళు తెరిచారు. వెతకడం నాకూ వచ్చు. సత్యం కోసం వాదించడం తప్పని నేననను. కానీ ముందుగా అడిగాను. పోయిన నెలలో ఆ పిల్ల ఇంటికి మనలో ఎవరు పోయారు? ఎవరూ పోలేదు. నేనూ పోలేదు. ఆ మధ్యాహ్నమే ఆటో ఎక్కి ఎమ్మిగనూరులో ఆ పిల్ల ఇంటికి పోయాను. బోధ గురించి ఒక్క మాటా ఎత్తలేదు. "ఎట్లుండావమ్మా?" అని అడిగి, ఆ పిల్ల నోరు విప్పేదాకా కూర్చున్నాను.