ఆళ్లగడ్డలో అడిగి తాగిన నీళ్లు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో గంట ప్రయాణం. ఈ మాత్రం దానికి యాత్రా కథనం ఎందుకని మీరు అడగొచ్చు. మా ఇంట్లోవాళ్లకు ఢిల్లీ కంటే ఆళ్లగడ్డే దూరం. అందుకే రాస్తున్నాను.

ఢిల్లీలో ఒక విశ్వవిద్యాలయంలో దేశ భద్రత, అంతర్జాతీయ వ్యవహారాల ఎం.ఏ.కు దరఖాస్తు పెట్టాను. వ్యాసం రాశాను, మార్కుల పత్రాలు ఎక్కించాను, ఫీజు కట్టాను. ఇక మిగిలింది ఇద్దరి సిఫారసు ఉత్తరాలు. నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్ డైరెక్టర్ వెంటనే పంపేశారు. రెండోది డిగ్రీలో నాకు రాజనీతి శాస్త్రం చెప్పి, ఈ మధ్యే రిటైరైన వసుంధర మేడమ్ దగ్గర్నుంచి రావాలి. "సరేమ్మా, చేస్తాలే" అని ఫోన్లో అన్నారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, దరఖాస్తు పేజీలో ఆమె పేరుకు ఎదురుగా 'పెండింగ్' అనే మాట ఎర్రగా కూర్చుంది. అన్నం తింటూ చూశాను, పాఠం చెబుతూ చూశాను, కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూ చూశాను. మాట మారలేదు. చివరికి గడువు రోజు రానే వచ్చింది. సాయంత్రం ఐదింటికి పేజీ మూసేస్తారు. ఈ ఏడు పోతే, మళ్లీ ఏడాది ఆగే ఓపిక నాకు లేదు, నన్ను ఆగనిచ్చే ఓపిక మా బంధువులకు లేదు.

వెళ్లి అడగడానికి ఇంత ఆలోచనెందుకంటే, మాదీ మేడమ్ వాళ్లదీ ఒకే ఊరు. ఆళ్లగడ్డకు దగ్గరే. మా తాతా, వాళ్ల నాన్నా కాలువ నీళ్ల వంతు దగ్గర తగువు పడ్డారు. తగువు కర్రల దాకా వెళ్లింది, కర్రలు కోర్టు దాకా వెళ్లాయి. మేడమ్ వాళ్లన్నకు కాలు విరిగింది. మా పెదనాన్న జైలుకు వెళ్లొచ్చాడు. పెద్దమనుషులు కూర్చుని కేసులైతే రాజీ చేశారు. రెండు కుటుంబాలూ ఊరు వదిలి, మేము నంద్యాలకూ వాళ్లు ఆళ్లగడ్డకూ చేరాం. అప్పట్నుంచీ ఎదురుపడితే మాట ఉంది, నీళ్లు లేవు. వాళ్లింట్లో మేము ముట్టం, మా ఇంట్లో వాళ్లు ముట్టరు. ఇచ్చి కాదనిపించుకోవడం అవమానం కాబట్టి ఎవరూ ఇవ్వరు కూడా.

కాలేజీలో మేడమ్ నన్ను ఏనాడూ తక్కువ చూడలేదు. స్టాఫ్ రూములో ఆడపిల్లలకు టీ తెప్పించినప్పుడు మాత్రం, అది వచ్చేలోపే నన్ను ఏ గోడ పటమో తెమ్మని పంపేవారు. కాదనే ఇబ్బంది నాకు రాకుండా చేసే మర్యాద అది. అర్థమయ్యేది, అయినా టీ వాసన వచ్చినప్పుడు కడుపు మండేది.

ఉదయం తొమ్మిది దాటాక నాయన నన్ను బండి మీద బస్టాండుకు తెచ్చాడు. "ఫోన్ ఎత్తలేదంటే వద్దనే గదా పాపా" అన్నాడు దారిలో. దిగాక రెండు నీళ్ల బాటిళ్లు నా సంచిలో పెట్టాడు. "ఎండ జాస్తి ఉండాది. ఇవే తాగు. ఆడ నీళ్లు ముట్టాకు."

ఆళ్లగడ్డ వైపు బస్సులకు కొదవ లేదు, కడపకు పోయేవన్నీ అటే. ఆడవాళ్లకు టికెట్ సున్నా కాబట్టి ఆధార్ కార్డు పైనే పెట్టుకుంటే మంచిది. సంచి అడుగున వెతుక్కుంటే కండక్టర్లకు చిరాకు. కూర్చోవాలనుకుంటే బస్టాండులోనే ఎక్కండి. నాకు ఎడమవైపు కిటికీ దొరికింది. ఆ వైపు దూరంగా నల్లమల కనిపిస్తూనే ఉంటుంది. కోతలైపోయిన నల్లరేగడి చేలు నోళ్లు తెరిచి ఉన్నాయి. చూడదగిన దారే, కాని నేను చూసింది ఫోన్నే.

పక్క సీట్లో వెలుగోడు నుంచి అహోబిలం పోతున్న ఒక పెద్దమ్మ కూర్చుంది. కాసేపు నన్ను చూసి, "ఏం పాపా, అంత గట్టిగ పట్టుకున్నావు, అదేమన్నా పారిపోతాదా?" అంది.

చదువు సంగతి చెప్పాను. దేశాలకూ దేశాలకూ గొడవలు ఎందుకొస్తాయో, ఎలా ఆపాలో నేర్పే చదువన్నాను.

"అట్లయితే బేగా చదువుకోని మా వీధి కొళాయి కాడికి రా తల్లీ" అని నవ్వింది. ఆ నవ్వులోనే దగ్గొచ్చింది. "నీళ్లుంటే రవ్వంత ఇయ్యి."

బాటిల్ ఇచ్చాను. ఎత్తి గటగటా తాగేసింది. ఎవరింటి పిల్లవని అడగలేదు, ఎవరని నేనూ అడగలేదు. మిగిలింది ఉంచుకోమంటే కొంగు కింద పెట్టుకుంది.

శిరివెళ్ల దాటగానే టైరు పంచరైంది. డ్రైవర్ దిగి టైరును తిట్టాడు, కండక్టర్ డ్రైవర్‌ను తిట్టాడు, నేను ఇద్దర్నీ మనసులోనే తిట్టాను. వెనక వచ్చిన బస్సులు నిండిపోయి ఆగకుండా వెళ్లాయి. ఎండలో రోడ్డు పక్కన నిలబడి మేడమ్‌కు మళ్లీ ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. నాయన మాటే నిజమేమో, నా మొహం మీద తలుపు వేస్తారేమో అని భయం వేసింది. భయం కంటే ఎక్కువగా కోపం వచ్చింది. వద్దనుకుంటే ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా!

ఆళ్లగడ్డలో దిగేసరికి మధ్యాహ్నమైంది. బస్టాండు దగ్గర హోటల్లో అన్నం తినొచ్చు, పప్పు బాగుంటుందని అందరూ అంటారు. నేను తినలేదు. శిల్పుల పాకల మీదుగా నడిచాను. అక్కడ రోడ్డు పక్కనే దేవుళ్లు తయారవుతుంటారు, ఒకరికి తల వచ్చి ఉంటుంది, ఒకరికి ఇంకా చేతులు రావాలి. రాతి పొడితో తెల్లబడిన ఒక శిల్పిని మేడమ్ ఇల్లు అడిగాను.

"కాలేజీ మేడమ్మా? ఆ నీలం గేటు. వాళ్లన్న అరుగు మీదనే ఉంటాడు, చూడు" అన్నాడు, ఉలి ఆపకుండా.

ఉన్నాడు. కుర్చీలో కూర్చుని, కుడికాలు ముందున్న పీట మీద చాపుకుని ఉన్నాడు. ఆ కాలు నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు, మనిషిని చూడటం అదే మొదలు. పేరు చెప్పాను. నాయన పేరూ చెప్పాను. ఆయన నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు.

"మీ నాయనకు మోకాళ్ల నొప్పులంటాండ్రి. తగ్గినాయా?"

"తగ్గలేదు" అన్నాను. ఈ మాట ఆయనదాకా ఎవరు మోశారో నాకు తెలీదు.

మేడమ్ బయటికి వచ్చారు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ముందుగదిలోకి పిలిచి కుర్చీ వేసి, ఫ్యాన్ నావైపు తిప్పారు. వాళ్ల ఇంట్లో ఆ ఎండలో నాకు దొరికే మర్యాద అక్కడితో సరి.

"మేడమ్, ఈరోజే ఆఖరు. ఐదింటికి మూసేస్తారు. మీకు ఇష్టం లేకపోతే చెప్పండి, పోతాను" అన్నాను. బస్సులో ఎన్నోసార్లు మెత్తగా కట్టుకున్న మాటలు బయటికి వచ్చేసరికి ఇలా వచ్చాయి.

"ఇష్టం లేకనా?" అని లోపలికి వెళ్లి లాప్‌టాప్ తెచ్చారు. ఉత్తరం ఎప్పుడో రాసేసి ఉంది. నేను చదవకూడదు కాబట్టి ఆ భాగం దాటించి, చివరి ప్రశ్న చూపించారు. దరఖాస్తుదారుతో మీకు బంధుత్వం గానీ, మీ అభిప్రాయాన్ని ప్రభావితం చేసే మరే సంబంధం గానీ ఉందా? అవును, కాదు. అవును అయితే వివరించండి.

"దినామూ తెరుస్తాండా, ఈడికొచ్చి ఆగిపోతాండా" అన్నారు. "కాదంటే అబద్ధం. అవునంటే వివరించమంటాది. ఏమని వివరించల్ల? నీ ఫోన్ ఎత్తి నీకేమని చెప్పల్ల?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఇన్ని రోజుల నా నిద్ర ఈ ఒక్క ప్రశ్న తినేసింది! ఢిల్లీవాళ్లు అడిగింది చుట్టరికం సంగతి మేడమ్, మన కాలువ సంగతి కాదు, ఎవరైనా 'కాదు' అని నొక్కేసి పోతారు అని గొంతు పెంచాను.

"ఎవురైనా నొక్కుతారు. నేను నొక్కలేను. మూడేండ్లు మీకు నేను ఏం చెప్పినానో మర్చిపోతివా? ఒప్పందం మీద సంతకం పెట్టేటోళ్లు దాన్ని నమ్మల్ల." ఆమె గొంతు పెరగలేదు. "మీ తాతకూ మా నాయనకూ ఉన్నది పోయిందా? పోయింటే నువ్వు ఈ ఎండలో వచ్చి కూర్చుంటే, నేను ఉత్త చేతులతో నీ ముందర కూర్చుంటానా?"

నా వ్యాసంలో రెండు దేశాలు ఒక నదిని ఎలా పంచుకోవాలో రాశాను. అది చదివి కోచింగ్ సెంటర్ డైరెక్టర్ తెగ మెచ్చుకున్నారు. ఇక్కడ నా నాలుక ఎండిపోయి ఉంది. నాయన ఇచ్చిన రెండో బాటిల్ ఒళ్లో ఉన్న సంచిలోంచి తల బయటపెట్టి ఉంది. గోడ మీద గడియారం రెండు దాటింది. బస్సులో ఆ పెద్దమ్మ చెయ్యి చాపిన తీరు గుర్తొచ్చింది.

"మేడమ్, దాహమవుతాంది. తాగేదానికి నీళ్లియ్యండి" అన్నాను.

మేడమ్ నా సంచి వైపు చూశారు. "బాటిల్లో ఉండాయి గదా."

"ఉండాయి."

ఆమె కదలలేదు. తల తిప్పి అరుగు వైపు చూశారు. వాళ్లన్న రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. వినలేదేమో అనుకున్నాను. మేడమ్ లేచి, లోపలికి వెళ్లి స్టీలు గ్లాసు చేత్తో పట్టుకుని కూజా దగ్గర వంగారు.

"గ్లాసులో ఏందీ, దారినపోయేటోళ్లకు ఇచ్చినట్ల" అని అరుగు మీంచి గొంతు వచ్చింది. "చెంబులో ఇయ్యి."

మా వైపు ఇంట్లోవాళ్లు తాగేది చెంబుతోనే. మేడమ్ గ్లాసు పక్కన పెట్టి, ఇత్తడి చెంబు ముంచి తెచ్చారు. రెండు చేతులతో అందుకున్నాను. కొన్ని నీళ్లు మెడ మీద పడ్డాయి. ఆపకుండా మొత్తం తాగాను. నిజంగా దాహంగానే ఉంది. చెంబు దించాను. మేడమ్ కళ్లు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని లాప్‌టాప్ దగ్గర కూర్చున్నారు.

"ఇప్పుడు కాదని నొక్కొచ్చు" అన్నారు.

మూడున్నరకు తిరుగు బస్సు ఎక్కాను. మేడమ్ నా ముందే పంపినా పేజీలో మాట వెంటనే మారలేదు. బస్సు శిరివెళ్ల దగ్గరి ఎర్రగుంట్ల చేరకముందే 'పెండింగ్' పోయి 'అందింది' అని వచ్చింది. ఎగిరి గంతేస్తానని అనుకున్నాను. కుదురుగా కూర్చోలేకపోయాను, అంతే. ఢిల్లీ వాళ్లు ఇంకా ఇంటర్వ్యూకు పిలవాలి, పిలిస్తే జవాబు చెప్పాలి. దానికంటే ముందు నాయనకు జవాబు చెప్పాలి. ఆయన ఒక్క మాట అన్నాడు, దాన్నే నేను దాటాను. ఈ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమంటే, ఆళ్లగడ్డ గంట దూరమే. పొద్దున్నే బయల్దేరితే ఎండ తగలకుండా పోయి రావచ్చు. మాకైతే చేరడానికి నా వయసు కంటే ఎక్కువ కాలం పట్టింది.

నంద్యాల బస్టాండులో నాయన బండి దగ్గర నిలబడి ఉన్నాడు.

"పనయిందా?"

"అయింది నాయనా."

సంచి అందుకుని, బరువుగా అనిపించిందేమో బాటిల్ బయటికి తీశాడు. "ఏందిది, నిండుగుండాది? ఇంత ఎండలో నీళ్లు తాగలేదా?"

"తాగినా. మేడమ్ వాళ్లింట్లో. నేనే అడిగినా."

తిడతాడనుకున్నాను. బాటిల్ సంచిలో పెట్టి బండి తీశాడు. సంజీవనగర్ దాటేదాకా వీపు తప్ప నాకేమీ కనిపించలేదు.

"దేంట్లో ఇచ్చినారు?" అన్నాడు, వెనక్కి తిరక్కుండా.

"చెంబులో. మేడమ్ గ్లాసు తీస్తాంటే, చెంబులో ఇయ్యమని వాళ్లన్న చెప్పినాడు. నీ మోకాళ్లు తగ్గినాయా అని గుడక అడిగినాడు."

బండి పక్కకు తీసి ఆపాడు. వెనక ఆటోవాడు హారన్ కొట్టి, తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. నాయన సంచిలోంచి ఆ బాటిలే తీసి, నిలబడి సగం తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"కాలు ఇంకా ఈడ్చుకుంటాండాడా?"

"పీట మీద పెట్టుకోని కూర్చోనుండాడు. నడిచేది చూడలేదు."

నాయన బాటిల్ మూత బిగించి సంచిలో పెట్టాడు.

"మేడమ్ పింఛను పని మీద నంద్యాలకు వస్తాంటాది గదా. ఈసారి వస్తే మనింటికి రమ్మను. వాళ్లన్నను గుడక పిల్చుకోని రమ్మను" అని బండి ఎక్కాడు. "మనింట్లోనూ చెంబుండాదని చెప్పు."