రామ్‌చందర్ గుండెలో సున్నం

బహదూర్‌పురా సందుల్లో రామ్‌చందర్‌కు బర్రెల కొట్టం ఉంది. తాతల నాటి నుంచీ పాల వ్యాపారమే. కంగారుపడడం ఆయనకు చేతకాదని వాడకట్టులో పేరు. ఒకసారి ఆయన బర్రె ఒకటి బరాత్‌లోకి దూరి పెళ్లికొడుకు గుర్రాన్ని బెదరగొట్టింది. రామ్‌చందర్ చేతిలోని బీడీ పూర్తిచేసి, లేచి వెళ్లి, "జాన్వర్ హై భాయ్, జంతువుకేం తెలుస్తది" అని దాన్ని తోలుకొచ్చాడు.

అలాంటి మనిషికి ఈ చలికాలంలో పాలక్యాను పట్టుకుని మెట్లెక్కితే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించసాగింది. కాసేపు ఆగితే పోయేది. దానికి ఆయన గ్యాసు అని పేరు పెట్టాడు. భార్య సుశీలమ్మ కొన్నాళ్లు వాము నీళ్లు తాగించింది.

"గ్యాసయితే తిన్నంక రావాలె గని, మెట్లెక్కితే వచ్చుడేంది?" అని చివరికి ఆమెకే అనుమానం వచ్చి దవాఖానకు లాక్కుపోయింది.

డాక్టరమ్మ గుండె రక్తనాళాలకు సీటీ స్కాన్ రాసింది. స్కాన్ గదిలో కృపాకర్ అనే టెక్నీషియన్ ఆయన ఛాతీకి వైర్లు అంటించి, తెర వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"గుండె ఆగకుండ కొట్టుకుంటనే ఉంటది కద పెద్దాయనా. ఉరికేదాన్ని ఫొటో తీస్తే మసకొస్తది. జర మెల్లగ కొట్టుకోవాలె. మీది మస్తు ఉరుకుతున్నది. భయమైతుందా?"

"నాకేం భయం?" అన్నాడు రామ్‌చందర్, పాలు కొలిచేటప్పటి ముఖంతో.

తెర మీద గుండె వేగం చూపే అంకె ఇంకా పెరిగింది. సుశీలమ్మ ఆ అంకెను చూసింది, మొగుడి ముఖం చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ ముఖం ఒక్కటే ఆమెకు కనపడింది. లోపల ఇంత జరుగుతుందని చెప్పినవాళ్లు లేరు.

కృపాకర్ గుండె నెమ్మదించడానికి గోలీ ఇచ్చి, ఆమెను బయట కూర్చోమన్నాడు. ఆమె బయటికి వెళ్లగానే అంకె మళ్లీ ఎగిరింది. మళ్లీ లోపలికి పిలిచాడు. గోలీ పనిచేసేదాకా ఆమె పక్కనే కూర్చుని, బర్రెల దాణా సంగతి, ఈనబోయే పడ్డ సంగతి చెబుతూ పోయింది. అంకె మెల్లగా దిగింది.

ఆ తర్వాత ఆమెను పంపించి, రక్తనాళాలు ఫొటోలో కనపడేందుకు నరంలోకి మందు ఎక్కించారు. ఒళ్లంతా వేడి పాకింది. లుంగీ తడిసిందేమోనని రామ్‌చందర్‌కు అనుమానం. అలా అనిపిస్తుందని కృపాకర్ ముందే చెప్పాడు గానీ, చెప్పడం వేరు. "ఊపిరి బిగబట్టండి" అంది మిషను. బిగబట్టాడు. అంతే, అయిపోయింది.

రిపోర్టులో రక్తనాళం గోడకు కాల్షియం పట్టిందని వచ్చింది. కాల్షియమంటే సున్నమని కౌంటర్ దగ్గర ఎవరో చెప్పారు. సుశీలమ్మ ఆ మాటను పాలు పోయించుకునే శారదమ్మకు చెప్పింది. సాయంత్రానికి వాడకట్టంతా పాకింది: జీవితమంతా తన బర్రెల పాలే తాగిన రామ్‌చందర్‌కు గుండెలో సున్నం గట్టింది. తెల్లారి సగం ఇళ్లవాళ్లు పాలు వద్దన్నారు.

"గిదేం లొల్లి?" అనుకుని రామ్‌చందర్ రిపోర్టు పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయాడు.

"పాలతోని వచ్చిందా అమ్మా గిది?"

"కాదు. రక్తనాళం గోడలో కొవ్వు పేరుకుంటే, ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ కాల్షియం చేరి గట్టిపడుతుంది. స్కాన్‌లో తెల్లగా కనిపించేది అదే. పాలు తాగితే వచ్చేది కాదు. మీ నాళం సగంలోపే మూసుకుంది. ఇప్పుడైతే స్టెంటు అక్కర్లేదు. గోలీలు వేసుకోండి, బీడీ మానండి. మీగడ కూడా."

బీడీ మానమన్నప్పుడు కదలని ముఖం మీగడ దగ్గర కొంచెం కదిలింది.

మర్నాడు శారదమ్మ గుమ్మంలో నిలబడి చెప్పాడు. "గది పాల సున్నం కాదమ్మా. కొవ్వు పట్టిన కాడ గడ్డగట్టింది. బీడీలు నేనే తాగిన, బర్రెలు తాగలేదు."

శారదమ్మ గిన్నె తెచ్చింది. ఆమె వెనక నుంచి భర్త వెంకటనారాయణ, రిటైరైన గుమస్తా, చెప్పులేసుకుని రామ్‌చందర్‌తో పాటు సందు మలుపు దాకా నడిచాడు. అక్కడ ఆగి ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నాకు గూడ వస్తున్నదయ్యా, మెట్లెక్కితే. ఇంట్ల చెప్పలే. గ్యాసు అనుకుంటున్న."

రామ్‌చందర్ క్యాను కింద పెట్టాడు. "ఎన్నడి సంది?"

"దసరా సంది."

రామ్‌చందర్ వెనక్కి తిరిగి శారదమ్మను కేకేసి, విషయం చెప్పి, దవాఖానకు ఆటో పిలిచాడు. మిగిలిన ఇళ్లకు పాలు సుశీలమ్మ పోసొచ్చింది. ఆటోలో వెంకటనారాయణ అడిగాడు.

"నువ్వు భయపడలేదంట గద రామ్‌చందర్?"

"మస్తు భయపడ్డ," అన్నాడు రామ్‌చందర్.